నెలంతా ఒకటే మాట: కడపలో ఒక ఇంగ్లీషు క్లాసు

కడపలో స్పోకెన్ ఇంగ్లీషుకు కొదవేం లేదు. కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఏడు రోడ్ల దాకా పోతే కరెంటు స్తంభాల మీద అవే బోర్డులు. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, ఫీజు రెండు వాయిదాల్లో, డెమో ఫ్రీ. నేను చెప్పబోయేది ఆ బాపతు కాదు. రిటైరైన లెక్చరర్ ఒకాయన తన మేడ మీద సాయంత్రం పూట చెప్పే క్లాసు. నెలకు ఏడు వందలు. నెలంతా ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. నేను చేరిన నెలలో ఆ మాట 'రన్'.

"రన్ అంటే పరిగెత్తడం. అయిపోయె. ఆ ఏడొందలు నాకియ్యక్కా" అన్నాడు మా షాపు పక్కన టీ కొట్టు అబ్బాయి. అదే అబ్బాయిని సాయంత్రం బేరం ఎట్లుందని అడిగితే "రన్నింగ్ బాగుంది" అంటాడు.

కోర్టు దగ్గర నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. వకీళ్ల డ్రాఫ్టులు, ప్రోనోట్లు, బాడుగ అగ్రిమెంట్లు ఎటూ ఉంటాయి. వాటితోపాటు కువైట్ కాగితాలు. రాజంపేట, రాయచోటి, బద్వేలు పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎంతమందో ఈ పక్క ఎవరినడిగినా చెప్తారు. అక్కడి ఒప్పంద పత్రంలో ఒక పక్క అరబ్బీ, ఇంకో పక్క ఇంగ్లీషు ఉంటుంది. "ఇందులో ఏం రాసినారో చూడమ్మా" అని మడతలు విప్పి ముందు పెడతారు. ఈ మధ్య ఇంకో రకం మొదలైంది. ఫోన్లో తెలుగు చేయించుకుని వచ్చి, నువ్వు ప్రింటు తీస్తే చాలంటారు. అట్లా వచ్చిన ఒక కాగితంలో "ఈ ఒప్పందం రెండు సంవత్సరాలు పరిగెత్తును" అని ఉంది. ఇంకోదాంట్లో, దావా గడువు దగ్గర, "కాలము పరుగు ప్రారంభించిన పిమ్మట" అని ఉంది. చదివితే నవ్వొస్తుంది గానీ, దాని కింద సంతకం పెట్టేవాడికి అది నవ్వులాట కాదు. ఈ సార్ సంగతి ఒక జూనియర్ లాయరమ్మ చెప్తే పోయి చేరాను.

మొదటి రోజు సార్ పాఠం చెప్పలేదు. ఎవరి పనిలో వాళ్లు 'రన్' అనే మాట ఎక్కడెక్కడ వాడుతున్నారో రాసుకుని రమ్మన్నారు. ఇంగ్లీషులో కాదు, మామూలుగా మాట్లాడేటప్పుడు. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. క్లాసులో వాళ్లే ఎక్కువ. మిగతావాళ్లలో ఒక నర్సమ్మ, చీరల షాపులో సేల్స్‌మన్, కువైట్‌కు డ్రైవరుగా పోబోతున్న ఒకాయన, బండల షాపు గుమాస్తా ఉన్నారు.

ఆ తర్వాతి క్లాసులో బోర్డు నిండిపోయింది. రన్నింగ్ బస్సు ఎక్కడం, రన్నింగ్ నోట్సు, ట్రయల్ రన్, టైలరు రన్నింగ్ కుట్టు, కాంట్రాక్టరు రన్నింగ్ బిల్లు, రనౌట్. బండల షాపు ఆయన తెచ్చింది అందరికీ నచ్చింది. కడప బండను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. అంచు గుండ్రంగా తీసి పాలిష్ చేస్తే మాత్రం ఆ కూలి రన్నింగ్ ఫీటు లెక్క. వెడల్పు ఎంతైనా సరే, పొడవు ఒక్కటే కొలుస్తారు. "అక్కడ ఎవరు పరిగెత్తుతున్నారు నాయనా?" అని అడిగారు సార్. ఎవరూ లేరు. బండ కదలదు, అంచూ కదలదు. ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది మన చూపు, కాదంటే టేపు.

నాకు క్లాసు మీద గురి కుదిరింది అక్కడే. ఆ బండ అంచు పట్టుకునే ఆయన కె.సి. కెనాల్‌కు పోయారు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కడప దాకా వచ్చే కాలువ, మూడు వందల కిలోమీటర్ల పైన. 'ది కెనాల్ రన్స్ ఫ్రమ్ సుంకేసుల టు కడప' అని బోర్డు మీద రాసి, తెలుగులో చెప్పమన్నారు. ఒక పిల్లోడు "కాలువ సుంకేసుల నుంచి కడపకు పారుతుంది" అన్నాడు. "ఎండాకాలంలో చుక్క నీళ్లు లేనప్పుడు ఈ ఇంగ్లీషు వాక్యం తప్పవుతుందా?" అన్నారు సార్. తప్పు కాదు. నీళ్లున్నా లేకున్నా ఇంగ్లీషులో కాలువ రన్స్. రోడ్డు రన్స్, కంచె రన్స్, చీరకు బార్డరు రన్స్. మన 'పారుతుంది' నీళ్లుంటేనే పారుతుంది, లేకపోతే కాలువ ఊరికే 'పోతుంది', 'వస్తుంది'. పెన్నలో ఇసుక తప్ప ఏమీ కనపడని ఊరివాళ్లకు ఈ ఉదాహరణ ఇంకొకరు విప్పి చెప్పే పని లేదు.

పాత ఇంగ్లీషులోనే ఈ మాటకు పరుగుతోపాటు పారడం అనే అర్థం కూడా ఉందట. దాని దాయాదులు జర్మన్‌లో ఇప్పటికీ రెండుగా విడిపోయి ఉన్నాయి: రెనెన్ అంటే పరిగెత్తడం, రినెన్ అంటే కారడం, పారడం. తెలుగులో మాత్రం తక్కువా? నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు. సార్ ఇది చెప్పి ఆగకుండా ముందుకు పోయారు. నేను మాత్రం పుస్తకం అంచున రాసుకున్నాను.

ఆ నెలలో మాకు బాగా పట్టుబడింది ఇంకొకటి. ఇంగ్లీషువాళ్లు పరిగెత్తించే వాటిలో సగం మనం నడిపిస్తాం. షాపు నడుపుతున్నాం, బస్సు నడుపుతున్నాం, స్కూలు నడుస్తోంది, కేసు నడుస్తోంది, గడియారం నడుస్తోంది, సంసారం ఏదో నడుస్తోంది. వీటన్నిటికీ ఇంగ్లీషులో రన్ సరిపోతుంది, సంసారం దగ్గర ఒక్క చోట సార్ తల అడ్డంగా ఊపారు. సినిమాను మాత్రం మనం నడపం, అది ఆడాలి. వంద రోజులు ఆడిందంటాం. గిర్నీ కూడా ఆడుతుంది. ముక్కు కారుతుంది. చీర రంగు దిగుతుంది. ఒకే ఇంగ్లీషు మాటను ఎదురుకోవడానికి నడుచు, ఆడు, పారు, కారు, దిగు, పోవు అని ఇన్ని క్రియలు మన దగ్గర ఉంటే, ఫోన్లో యాప్ అన్నిటికీ 'పరిగెత్తు' ఒక్కటే వేస్తోంది. చీరల సేల్స్‌మన్ దగ్గరున్న లేబుల్ మీద రంగు దిగవచ్చని ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది. అదే యాప్‌లో పెడితే రంగులు పరిగెత్తవచ్చని వచ్చింది. "కస్టమరుకు ఇదే చెప్తే చీర కూడా పరిగెత్తిపోతుంది సార్" అన్నాడు.

ఎన్నికల మాట వచ్చినప్పుడు క్లాసు కాస్త వేడెక్కింది, మన జిల్లాలో వేడెక్కకుండా ఉంటుందా. అమెరికాలో అభ్యర్థి పదవికి రన్ చేస్తాడు, బ్రిటన్‌లో స్టాండ్ చేస్తాడు. మనవాడు నిలబడతాడు. "అంటే మనది బ్రిటిష్ వాళ్ల దగ్గర నేర్చుకున్న నిలబడటమా సార్?" అని ఒకరడిగితే సార్ నవ్వి, ఆ చర్చ టీ కొట్టు దగ్గర పెట్టుకోమన్నారు. క్రికెట్ పిల్లోడి ప్రశ్న ఇంకా గట్టిది. సిక్స్ కొడితే ఎవడూ కదలడు, మరి ఆరు రన్నులు ఎందుకిస్తారని. పరుగు పోయి లెక్క మిగిలింది, రన్నింగ్ ఫీటులో మాదిరే, అన్నారాయన.

నర్సమ్మ వాడకం నాకు కొత్త. జ్వరం కాస్తోందనడానికి వాళ్ల డాక్టర్లు 'రన్నింగ్ టెంపరేచర్' అంటారు, సెలైన్ ఎక్కుతుంటే అదీ రన్నింగే. బ్యాంకు పిల్లలకు కావలసింది 'బ్యాంకు మీద రన్'. ఖాతాదారులంతా భయపడి ఒకేసారి డబ్బు తీసుకోవడానికి ఎగబడటం. దీని మీద సార్ ఎక్కువసేపు ఉండలేదు, పరీక్షకు చాలంతే.

నా పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దావా ఎన్నాళ్లలోపు వేయాలో చెప్పే 1963 నాటి లిమిటేషన్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది. అందులో ఇంగ్లీషు మాట 'రన్' అనే. ఒకసారి గడువు లెక్కలోకి రావడం మొదలయ్యాక, ఆ తర్వాత వచ్చిన అశక్తత ఏదీ దాన్ని ఆపదు అని దాని సారం. ప్రోనోటుకు మూడేళ్లని మా కోర్టు వీధిలో టీ గ్లాసులు కడిగే పిల్లోడికి కూడా తెలుసు. అడగ్గానే ఇస్తానని రాసిన నోటయితే, రాసిన తేదీ నుంచే ఆ మూడేళ్లు. అప్పిచ్చినాయన నడుమలో జబ్బుపడి మంచాన ఉన్నాడనుకోండి, ఆ కారణం చెప్తే లెక్క ఆగదు. ఇక్కడ రన్ అంటే పరుగు కాదు, నడక కూడా కాదు. మన వకీళ్లు "గడువు మొదలైంది" అంటారు, పాతవాళ్లు "కాలం పోతుంది" అంటారు. సార్ ఆ రెండూ రాయించి, ఏది ఎవరికి చెప్పాలో మీరే తేల్చుకోండన్నారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకు "ఈ తేదీ నుంచి గడువు లెక్క మొదలవుతుంది, ఇంక ఆగదు" అని చెప్తున్నాను. అడ్డుప్రశ్న లేకుండా అర్థమవుతోంది.

భూమి కాగితాల్లో వచ్చే ఇంకో వాడకం కూడా అదే రోజు దొరికింది. కొన్ని షరతులు 'భూమితోపాటు రన్' అవుతాయని రాస్తారు. అమ్మినాయన, కొన్నాయన మధ్యనే ఆగిపోకుండా, రేపు ఆ పొలం ఎవరి చేతిలోకి పోతే వాళ్లకూ ఆ షరతు తగులుకుంటుందని. "భూమిని అంటిపెట్టుకుని వస్తుంది" అని నేను అంటే, సార్ నా వాక్యాన్ని బోర్డు మీదికి ఎక్కించారు. క్లాసు ఫీజులో నాకు అక్కడికే సగం తిరిగొచ్చింది.

కువైట్ పోయే డ్రైవరన్న కాగితం అప్పుడే చూశాం. ఒప్పందం రెండేళ్లు రన్ అవుతుంది అంటే రెండేళ్లు అమల్లో ఉంటుంది. ఆయనకు కావలసింది అది కాదు, ఎప్పటి నుంచి రెండేళ్లు అనేది. సంతకం పెట్టిన రోజు నుంచా, అక్కడ దిగిన రోజు నుంచా? ఆ వాక్యంలోనే, రన్ అన్న మాట తర్వాత, చిన్న మాటలు నాలుగు ఉన్నాయి. దిగిన రోజు నుంచి అని వాటిలో ఉంది. ఆయన అప్పటిదాకా ఆ నాలుగూ చదవలేదు, యాప్ కూడా వాటిని మింగేసింది.

సార్ పద్ధతంతా ఇదే. అర్థాల పట్టిక ఇవ్వరు. ముందెవరున్నారు, వెనకేముంది అని చూడమంటారు. రన్ పక్కన డబ్బో బియ్యమో ఉండి, వెనక 'ఔట్' వస్తే అయిపోవడం. మనిషి ఉండి 'ఇంటూ' వస్తే అనుకోకుండా ఎదురుపడటం, అదే లారీ స్తంభానికి 'ఇంటూ' అయితే గుద్దుకోవడం. 'ఓవర్' వచ్చి ముందు బండి ఉంటే ఎవరి మీదో ఎక్కింది, ముందు మీటింగు ఉంటే టైం దాటింది. 'అప్' వచ్చి బిల్లు ఉంటే బాకీ పెరిగింది. 'డౌన్' వచ్చి బ్యాటరీ ఉంటే దిగిపోయింది. ఈ తోకల మీద ఆయన రెండు వారాలు నిలబెట్టారు. బ్యాంకు పిల్లలు ఇక్కడ ఆవలించారు గానీ నాకు ఇదే అసలు సరుకు అనిపించింది.

లెక్క కూడా ఒక రోజు చెప్పారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తయింది. దాంట్లో అన్నిటికంటే పొడుగు 'సెట్'. 1989లో వచ్చిన ఇరవై సంపుటాల రెండో కూర్పులోనూ అదే, ఒక్క క్రియకే నాలుగు వందల ముప్పై అర్థాల దాకా. తర్వాత నిఘంటువును తిరగరాయడం మొదలుపెట్టినప్పుడు 'ఎం' అక్షరం నుంచి ఎత్తుకున్నారు. దాంతో ముందు 'మేక్', ఆ తర్వాత 'పుట్', 2011కు వచ్చేసరికి 'రన్' పెద్దపీట ఎక్కాయి. రన్‌కు క్రియగానే 645 అర్థాలు. ఆ ఒక్క మాట మీద పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడట. "మీకు నెల ఎక్కువైందా?" అని అడిగారు సార్. ఇన్ని అర్థాలు ఎందుకు పెరిగాయంటే యంత్రాల వల్ల. రైళ్లు, మోటార్లు, ఫ్యాక్టరీలు, ఆఖరికి కంప్యూటర్ ప్రోగ్రాములు, కాళ్లు లేనివన్నీ రన్ అవడం మొదలుపెట్టాయి.

ఇంగ్లీషు కష్టమని మేం గొణిగితే సార్ మందు వేరే వేశారు. మన 'పట్టు' మీద ఇంటి నుంచి రాసుకుని రమ్మన్నారు. టైం పడుతుంది అనేదీ ఇందులోదే. ఇంకా చూడండి: చెమట పట్టింది, తుప్పు పట్టింది, పిచ్చి పట్టింది, ఎంతసేపు పట్టింది, బిందెకు నీళ్లు పట్టు, పిండి పట్టించు, ఈ సంచిలో పది కిలోలు పట్టదు, బస్సు పట్టుకో, నా మాట పట్టదు, పట్టుచీర, ఉడుంపట్టు, కత్తికి పదును పట్టించు. మా ఇంట్లో అత్తమ్మ కూరలు తరుగుతూ చెప్తుంటే రాసుకోవడానికి నాకే కాగితం చాలలేదు. ఇన్నిటిని ఒక బయటివాడు ఎట్లా నేర్చుకోవాలి? రెండు వందల ఏళ్ల కిందట ఇదే కడపకు ఉద్యోగం మీద వచ్చి తెలుగులో పడ్డ సి.పి. బ్రౌన్‌ను సార్ ఒక్క నిమిషం తలుచుకున్నారు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. ఊళ్లోవాళ్లం దాని ముందు నుంచి ఆటోల్లో పోతుంటాం, లోపలికి పోయేది తక్కువ.

ఇక లోపాలు. నోరు తిరగాలని వచ్చేవాళ్లు ఈ క్లాసుకు రాకండి. ఇక్కడ మాట్లాడించడం దాదాపు లేదు. ఇంటర్వ్యూ టెన్షన్ పోవాలనుకునే పిల్లలకు వేరే చోటు వెతుక్కోవడమే మేలు, ఇద్దరు సగంలో మానేశారు కూడా. బోర్డు మీద ఆరున్నర అని ఉంటుంది, మొదలయ్యేది ఏడుకు. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. సార్‌కు యాప్‌లంటే పడదు. పడకపోతే పోనీ, పిల్లలు ఫోన్లో చూసి ఏదైనా అడిగితే ముందు ఆ ఫోన్‌ను తిట్టి తర్వాత జవాబు చెప్తారు, దాంట్లో పది నిమిషాలు పోతాయి. అన్నిటికంటే నా కళ్లకు గుచ్చుకున్నది ఆయన ఇచ్చే కాగితాలు. జిరాక్సుకు జిరాక్సు తీసి, దానికి మళ్లీ జిరాక్సు తీసినవి. అక్షరాల కడుపులు పూడిపోయి 'ఇ' ఏదో 'ఓ' ఏదో తెలియదు, పక్కన నల్ల గీత ఒకటి పైనుంచి కిందికి. డ్రమ్ము గీరుకుపోయిన మెషీన్లో తీసినవని చూడగానే తెలిసింది. అసలు కాగితం ఇవ్వండి సార్, టైపు కొట్టి ఇస్తానన్నాను. ఇస్తానని ఇప్పటికీ అంటున్నారు.

అయినా కాగితాలతో పని చేసేవాళ్లకు, అంటే గుమాస్తాలు, దస్తావేజులు రాసేవాళ్లు, నర్సులు, షాపుల్లో లేబుళ్లు చదివి చెప్పేవాళ్లు, వీళ్లకు ఏడు వందలు దండగ కాదు. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. అది ఆయన ఇల్లు కాబట్టి అడ్రసు ఇక్కడ పెట్టలేదు, కోర్టు వీధిలో ఇంగ్లీషు సార్ అంటే ఎవరైనా చూపిస్తారు. వచ్చే నెల మాట 'గెట్' అట. కుర్చీలు ఇరవై దాటి పట్టవు, ఒకటో తారీఖు లోపల పోయి పేరు రాయించుకోండి. ఫీజు చేతికే ఇవ్వాలి, ఫోన్ పే చేస్తామంటే ఆ ఫోన్ తిట్లు మీరూ వినాల్సి వస్తుంది.